ద ఇవాళ బడికి రాలేదు

రెండో తరగతి పిల్లలకు ఎ, యాన్, ద ఎక్కడ ఏది పెట్టాలో నేర్పగలిగితే నా ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే లాండ్రీలో మా మేనత్త పక్కన, మడత బల్ల దగ్గర నిలబడాలి. పెద్ద మేడం ఇంత మొరటుగా చెప్పలేదు. తన గదికి పిలిచి, కూర్చోమని, రుమాలుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి రెండో తరగతి ఇంగ్లీషు పాఠం సిద్ధం చేయమంది. పాఠం ఆర్టికల్స్. అది బాగా జరిగితే నన్ను పర్మినెంటు చేయమని తానే రాస్తానంది. జరగకపోతే ఏమవుతుందని అడిగాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా వైపు చూసి, "మీకు తెలుసు కదమ్మా" అంది.

తెలుసు. ఇంతకుముందు పనిచేసిన బడిలో కూడా ఇలాగే ఒక పాఠం చెప్పి చూపించాను. ఆ రోజు పిల్లలు గుడ్లప్పగించి చూశారు, నాకు నోరు పెగల్లేదు, వారం తిరక్కుండా నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. రెండు చోట్ల వద్దనిపించుకున్న టీచరును మూడో బడి గుమ్మం ఎక్కనివ్వదు. ఎక్కడికెళ్ళినా ముందు అడిగేది అదే, అక్కడెందుకు మానేశారు అని.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. నాన్న లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. మేనత్త అదే లాండ్రీలో బట్టలు మడత పెడుతుంది. మేం ముగ్గురం ఉండేది దాని పైగదిలోనే. పొద్దున్నే కింద బాయిలర్ వెలిగిస్తే మా గది నేల వెచ్చబడుతుంది, కిటికీ అద్దాలకు ఆవిరి పడుతుంది. చొక్కాలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు నాన్న చొక్కాతో పాటు ఒక కబురు కూడా చేతిలో పెట్టి పంపేవాడు, మా అమ్మాయి ఇంగ్లీషు టీచరండీ అని. కాలరు మీద మరక పోలేదని పోట్లాటకు వచ్చినవాళ్ళకు కూడా చెప్పేవాడు. అత్తకు ఇది నచ్చేది కాదు. ఇంకా తడి ఆరని బట్టను మడత పెట్టి చూపిస్తున్నావురా తమ్ముడూ అనేది. నాతో మాత్రం మెత్తగానే మాట్లాడేది. బెంగపడకు, మడత బల్ల దగ్గర నీ చోటు నీకుంది, ఎవరినీ నిలబడనివ్వనులే అనేది. ఆవిడ ధైర్యం చెబుతున్నాననుకునేది. నేను మాత్రం ఆ బల్ల వైపు చూడకుండా పైకి వెళ్ళిపోయేదాన్ని.

మా బడి ఒకప్పుడు గోడౌను. పైకప్పు ఎత్తు, కిటికీలు ఇంకా ఎత్తు. రెండో తరగతికీ మూడో తరగతికీ మధ్య ఒక ప్లైవుడ్ తడిక అడ్డం. అవతల లెక్కల సారు ఎక్కాలు చెప్పిస్తుంటే మా వైపు సుద్దముక్కలు కదిలేవి. ఆ గోలలో నేను మొదట పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. అచ్చు శబ్దం ముందు యాన్, హల్లు శబ్దం ముందు ఎ, ఫలానా అని తెలిసినదాని ముందు ద. పిల్లలు రాగం తీసి అప్పజెప్పారు. అప్పజెప్పడంలో వాళ్ళకు తిరుగులేదు. కానీ బొమ్మ చూపించి అడిగితే, బుడంకాయ అని అందరూ పిలిచే బొద్దు పిల్లాడు లేచి, "ఎ యాన్ ద డాగ్" అన్నాడు. ఇదేంట్రా అంటే, మూడూ చెబితే ఏదో ఒకటి తగులుతుంది కదా టీచర్ అన్నాడు. మిగతావాళ్ళకు ఈ ఉపాయం ఎంత నచ్చిందంటే మర్నాటికి తరగతి మొత్తం అదే చెప్పింది. పెద్ద మేడం తలుపు దగ్గర నిలబడి విని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను లాండ్రీలో కూర్చుని నాన్న పని చూస్తున్నాను. చొక్కా మడతలో గట్టిదనం కోసం ఒక అట్ట పెడతారు. నాన్న అట్ట పెడుతున్నాడు, అత్త దాని చుట్టూ చేతులు మడిచి బోర్లా తిప్పుతోంది. అట్ట లేని చొక్కా చేతిలోంచి జారి కూలబడుతోంది. పిల్లల చేతికి ఏదో ఒకటి ఇస్తే తప్ప ఈ మాటలు నిలబడవని నాకప్పుడు అనిపించింది. నాన్నను అడిగి అంచులు నలిగిన అట్టలు తెచ్చుకున్నాను. వాటికి దారాలు కట్టి, మూడింటి మీద పెద్ద అక్షరాలతో ఎ, యాన్, ద రాశాను. మిగతావాటి మీద కుక్క, గొడుగు, గుడ్డు, సూర్యుడు, ఇలా బొమ్మలు వేశాను.

మర్నాడు ముగ్గురు పిల్లలను నిలబెట్టి మూడు అట్టలు మెడలో వేశాను. బుడంకాయ ఎ. ఎవరు పిలిచినా పరిగెత్తుకెళ్ళి పక్కన నిలబడే రకం, వాడికి సరిపోయింది. యాన్ అట్ట మూతిముడుపు అనే పిల్లకు ఇచ్చాను. ఆ పిల్ల అందరితో కలవదు, ఎంచుకున్నవాళ్ళతోనే కలుస్తుంది. ఆపిల్, ఎగ్, అంబ్రెల్లా, ఇలాంటివాళ్ళు పిలిస్తే తప్ప కదలకూడదని చెబితే సంతోషంగా మూతి ముడుచుకుని నిలబడింది. ద అట్టను ఎవరికివ్వాలో తోచక, ముందు బెంచీలో చివర కూర్చునే పిచ్చుక మెడలో వేశాను.

పిచ్చుక చాలా చిన్న పిల్ల. అట్ట వేస్తే మోకాళ్ళ దాకా వచ్చింది. అప్పటిదాకా బడిలో ఆ పిల్ల గొంతు ఎవరూ విన్నట్టు లేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. నేను పిల్లలందరికీ కథ చెప్పినట్టు చెప్పాను. అనగనగా ఒక రాజు అంటాం. అప్పటికి ఆయనెవరో మనకు తెలీదు. తర్వాత ఆ రాజు వేటకు వెళ్ళాడు అంటాం. ఇప్పుడు తెలుసు. మనకు ముందే తెలిసినవాళ్ళ పక్కనే ద నిలబడుతుంది. తెలీనివాళ్ళ దగ్గరకు వెళ్ళదు. అందరికీ తెలిసినవాడు, ఒక్కడే ఉన్నవాడు, సూర్యుడి లాంటివాడు వస్తే అడక్కుండానే వెళ్తుంది.

పిచ్చుక కాసేపు ఆలోచించి, తరగతి వైపు తిరిగి, "తెలుసా?" అని అడిగింది.

మేము విన్న మొదటి మాట అదే. పిల్లలందరూ ఉలిక్కిపడి, ఆ తర్వాత తెలుసు అని అరిచారు. పిచ్చుక నడుచుకుంటూ వెళ్ళి సూర్యుడి అట్ట వేసుకున్న పిల్లాడి చెయ్యి పట్టుకుంది.

అక్కణ్ణుంచి మా తరగతి దారిలో పడింది. కుక్క అట్ట వేసుకున్నవాడు ముందుకొస్తే బుడంకాయ పరిగెత్తేవాడు. అదే కుక్క రెండోసారి వస్తే బుడంకాయ ఆగిపోయేవాడు, పిచ్చుక తెలుసా అని అడిగేది, అందరూ తెలుసు అనేవాళ్ళు, పిచ్చుక వెళ్ళి చెయ్యి పట్టుకునేది. తెలీదు అంటే కదిలేది కాదు. భోజనాల గంటలో కూడా ఇదే ఆట. వాచ్‌మన్ వస్తే పిచ్చుక తెలుసా అనేది. తెలుసు. ఎవరో పార్సిల్ మనిషి వస్తే తెలీదు, బుడంకాయ పరిగెత్తేవాడు, ఆయన బిత్తరపోయి పెట్టె పట్టుకుని నిలబడిపోయేవాడు. పెద్ద మేడం ఒక రోజు వెనక బెంచీలో కూర్చుని చూసి, గోల తగ్గించండి, మిగతాది బాగానే ఉంది అంది. బాగానే ఉంది అన్న మాటను నేను ఇంటిదాకా మోసుకెళ్ళి నాన్నకిచ్చాను. నాన్న ఆ రోజు ఎన్ని చొక్కాలతో పాటు ఆ మాట పంపాడో తెలీదు.

మిగతా పిల్లలు సాయంత్రం అట్టలు నా బల్ల మీద పడేసి పోయేవాళ్ళు. పిచ్చుక మాత్రం ద అట్టను మెడలో వేసుకునే ఇంటికి వెళ్ళేది, పొద్దున్న దాంతోనే వచ్చేది. నేను వద్దనలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చేది వచ్చే బుధవారం అని తెలిశాక ఒక పొద్దున పిచ్చుక రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. వాళ్ళ వీధిలో ఉండే పిల్లను అడిగితే, తన రెండు బుగ్గలూ ఉబ్బించి చూపించి, ఇలా ఉంది టీచర్ అంది. గవద బిళ్ళలు.

మొదట నేనంత కంగారు పడలేదు. అట్ట పిచ్చుక దగ్గరే ఉంది కాబట్టి ఇంకో అట్ట తెచ్చి ద అని రాసి, నత్త అని పిలిచే పిల్లాడి మెడలో వేశాను. వాడు నిదానస్తుడు, ఆలోచించి మరీ అడుగేస్తాడు. ఆట మొదలైంది. సూర్యుడు ముందుకొచ్చాడు. నత్త వెళ్ళి పక్కన నిలబడ్డాడు. సూర్యుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఏమైందంటే, వీడు ద కాదు టీచర్ అన్నాడు.

అట్ట మీద ఏముందో చదవమన్నాను. చదివాడు. మరి ద యే కదా అంటే, రాసుంది గానీ వీడు నత్త కదా టీచర్ అన్నాడు. నత్త కూడా తల ఊపి, అట్ట తీసి నా చేతిలో పెట్టేశాడు. ఇంకో పిల్లకు వేశాను. ఆ పిల్ల తెలుసా అని అడిగితే ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు. వాళ్ళు మొండికేయడం లేదు. నన్ను ఏడిపించడానికీ చేయడం లేదు. ఆ పని పిచ్చుకది, పిచ్చుక వచ్చి చేస్తుంది, అంతవరకు ఆ చోటు అట్టే పెట్టాలి. వాళ్ళకు తెలిసింది అంతే. అట్టలు తీసేసి నోటితో చెప్పించి చూశాను. సన్ అనే ముందు అందరూ ఒక్క క్షణం ఆగేవాళ్ళు. పిచ్చుక నడిచి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆగి, సన్ అనేవాళ్ళు.

తల ప్రాణం తోకకొచ్చింది. బతిమాలాను, చాక్లెట్లు ఇస్తానన్నాను, కోప్పడ్డాను. కోప్పడితే మూతిముడుపు ఏడ్చింది. తడిక అవతల ఎక్కాలు ఆగిపోయాయి. లెక్కల సారు తల ఇటు పెట్టి, యుద్ధంలో ఎంతమంది పోయారు టీచరమ్మా అని అడిగి, నా మొహం చూసి తల వెనక్కి తీసుకున్నాడు.

మంగళవారం సాయంత్రం పిచ్చుక ఇంటికి వెళ్ళాను. బస్సుల డిపో వెనక, టైర్లు కడిగే చోటు పక్కన ఒక గది. వాళ్ళమ్మ డిపోలో బస్సులు ఊడుస్తుంది. నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచింది. ఇంత దూరం మీరెందుకొచ్చారు, కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని కదా అంది. పిచ్చుక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మొహానికి అటూ ఇటూ రెండు బన్నులు పెట్టి గుడ్డ కట్టినట్టుంది. మెడలో అట్ట. చెమటకు అక్షరం ఒక పక్క అలుక్కుపోయింది. నన్ను చూసి నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది.

నేను ఏం అడగడానికి వచ్చానో నోటితో అనలేదు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మాత్రమే చెప్పాను. తల్లికి అర్థమైంది. "మొహానికి గుడ్డ చుట్టి పంపిస్తాను టీచరమ్మా, ఒక్క గంటే కదా" అంది.

వెంటనే వద్దని అనలేకపోయాను. ఒక్క గంట. పిచ్చుక వచ్చి తెలుసా అని అడిగితే చాలు. నేను మడత బల్ల దగ్గరకు వెళ్ళక్కర్లేదు, నాన్న ఆ కబురు ఆపక్కర్లేదు. పిచ్చుక వైపు చూశాను. గుటక వేయడానికి కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. తరగతిలో చేతులు పట్టుకుని నిలబడే మిగతా పిల్లలు గుర్తొచ్చారు.

"వద్దమ్మా. అందరికీ అంటుకుంటుంది. పడుకోనీ" అన్నాను.

పోనీ ఆ అట్టైనా తీసుకెళ్ళండి అని తల్లి దారం మీద చెయ్యేసింది. పిచ్చుక రెండు చేతులతో అట్టను గుండెకు అదుముకుంది. తల అడ్డంగా ఊపింది. అసలు అట్ట చూస్తేనైనా పిల్లలు ఒప్పుకుంటారేమో అని నాకూ ఆశ పుట్టింది. ఆ పిల్ల చేతుల్లోంచి లాగితే వచ్చేదే. ఉంచుకోమని చెప్పి బయటికొచ్చాను. డిపోలో ఖాళీ బస్సులు వరసగా ఉన్నాయి. కాసేపు ఒక బస్సు మెట్టు మీద కూర్చున్నాను. అందులో ఎవరో తుడుస్తున్న చప్పుడు వస్తే లేచి వచ్చేశాను.

బుధవారం పొద్దున్న నాన్న నా బట్టలు ఇస్త్రీ చేసి పెట్టాడు. ఒక్క ముడత లేదు. బస్సులో కూర్చుంటే నలుగుతాయేమో, నిలబడే వెళ్ళు తల్లీ అన్నాడు. నిలబడే వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు జలుబుతో వచ్చాడు. చెడ్డవాడు కాదు. పిల్లలతో నవ్వుతూ మాట్లాడాడు, వెనక బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. పెద్ద మేడం ఆయన పక్కన కూర్చుంది. పాఠం మొదట్లో బాగానే నడిచింది. కుక్క వచ్చింది, బుడంకాయ పరిగెత్తాడు. గొడుగు వచ్చింది, మూతిముడుపు దర్జాగా నడిచి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు తలాడించాడు. ద ఎక్కడా రాకుండా పాఠం లాగించేద్దామని నేను రాత్రే అనుకున్నాను. కానీ ఆయనే అడిగాడు, సూర్యుడి బొమ్మ కూడా ఉన్నట్టుంది కదా, ఆ అబ్బాయిని రమ్మనండి అని.

సూర్యుడు ముందుకొచ్చాడు. ఎడమ చెయ్యి పక్కకు చాపి, గాలిని పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. తడిక అవతల ఎక్కాలు నడుస్తూనే ఉన్నాయి.

"ఏమైంది బాబూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ద ఇవాళ బడికి రాలేదు సార్."

"ఎందుకు రాలేదు?"

"గవద బిళ్ళలు సార్."

ఆయన రుమాలులో మొహం పెట్టుకుని నవ్వాడు. పెద్ద మేడం నవ్వలేదు. నా వైపు చూసింది. ఇన్‌స్పెక్టరు ముక్కు తుడుచుకుని, ఆట చాలు, రాయించి చూద్దాం అన్నాడు. లేచి బోర్డు మీద తనే చిన్న కథ రాశాడు. ఒక అబ్బాయికి ఒక గుడ్డు దొరికింది, ఆ అబ్బాయి ఆ గుడ్డును జేబులో పెట్టుకున్నాడు, అంతలో ఒక కుక్క వచ్చింది. ఇంగ్లీషులో రాసి, ఆర్టికల్స్ మాత్రం ఎక్కడా రాయలేదు. పలకల మీద ఎక్కించి సరిచేయమన్నాడు.

బలపాల కీచుమనే చప్పుడు మొదలైంది. నేను వరసల మధ్య నడిచాను. దేవుడా, రాయండిరా, ఒక్క మాట రాయండిరా అని లోలోపల వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. బుడంకాయ పలక చూశాను. బాయ్ ముందు ఎ. ఎగ్ ముందు యాన్. తర్వాత రెండోసారి వచ్చిన బాయ్ ముందు మూడు అక్షరాలు పట్టేంత ఖాళీ. మళ్ళీ వచ్చిన ఎగ్ ముందు ఖాళీ. కుక్క ముందు ఎ. పక్క పలకలోనూ అంతే. దాని పక్కదానిలోనూ. మూతిముడుపు అయితే ఆ ఖాళీల చుట్టూ చిన్న గడి కూడా గీసింది, ఇంకెవరూ కూర్చోకుండా.

ఇన్‌స్పెక్టరు పలకలు తిప్పి తిప్పి చూసి, సగం ఖాళీలే కదమ్మా అన్నాడు, మందలించినట్టు కూడా కాదు, జాలిగా. పోయిన బడిలో పోయిన నోరు ఇక్కడా పోబోయింది. కానీ ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడే పని ఉండదు.

"ఖాళీలు సరైన చోటే ఉన్నాయి సార్" అన్నాను. "ఒక్కసారి చూడండి. ద ఎక్కడ రావాలో అక్కడే వదిలారు. తెలీక వదల్లేదు. ఆ అమ్మాయి కోసం ఉంచారు."

ఆయన మళ్ళీ చూశాడు. రెండు పలకలు పక్కపక్కన పెట్టి పోల్చాడు. "నిజమే కావచ్చమ్మా. కానీ రాసినదైతే ఒప్పో తప్పో చెప్పగలను. ఖాళీని నేనేం చేయను?" అన్నాడు. తుమ్మాడు. మిగతాది మీరే చూసుకోండి మేడం అని చెప్పి పక్క తరగతికి వెళ్ళిపోయాడు.

ఆయన్ను సాగనంపాక పెద్ద మేడం తిరిగి వచ్చింది. పిల్లలు వెళ్ళిపోయారు. ఆవిడ గొంతు పెంచలేదు. "ఒక మాటను ఒక పిల్లకు రాసిచ్చేశారన్నమాట" అంది. రేపు ఆ పిల్ల వేరే ఊరు పోతే వీళ్ళు బతుకంతా ఖాళీలు వదులుతారా అని అడిగింది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఈ వారం పూర్తి చేయండి, మిగతా సంగతి శుక్రవారం మాట్లాడదాం అని వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే నాన్న ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చూశాడు. ఇంకా ఏమీ చెప్పలేదు నాన్నా అన్నాను. అత్త మడత బల్ల మీద తన గుండీల డబ్బాను కొంచెం పక్కకు జరిపింది. అక్కడ ఒక మనిషి నిలబడేంత చోటు అయింది. నేను వెళ్ళి ఆ చోట్లో నిలబడి చొక్కాలు మడత పెట్టాను. అట్ట పెట్టడం, చేతులు మడవడం, బోర్లా తిప్పడం. చేతికి తొందరగానే వచ్చింది. అంత తొందరగా వచ్చినందుకే ఆ చొక్కాను విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను.

గురువారం లెక్కల సారు పెద్ద మేడం దగ్గరకు ఫిర్యాదు తీసుకెళ్ళాడు. రెండో తరగతికి కూడికలు ఇస్తే పలకకు ఒక పక్కే చేస్తున్నారట. చోటు చాలక అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తున్నారట. రెండో పక్క తిప్పమంటే ఒప్పుకోవడం లేదట. తుడవమంటే పలకను పొట్టకు అదుముకుంటున్నారట. కూడికలు కాదు మేడం, చీమల పుట్టలు దిద్దుతున్నాను అన్నాడట.

శుక్రవారం పెద్ద మేడం దాని సంగతేంటో చూడటానికి వచ్చింది. నన్ను పంపించే ముందు చివరిసారి వచ్చిందనే అనుకున్నాను. తలుపు దగ్గర నిలబడి, బుడంకాయ పలక తీసుకుని తిప్పింది. బుధవారం నాటి కథ అలాగే ఉంది. ఇదెందుకు తుడవలేదని అడిగితే, ద వచ్చాక అన్నాడు.

అప్పుడే పిచ్చుక వచ్చింది. బుగ్గల వాపు తగ్గింది, మొహం ఇంకా చిన్నదైంది. డాక్టరు వెళ్ళొచ్చన్నాడని వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్ళింది. మెడలో అట్ట ఉంది. తరగతి మొత్తం ఒక్కసారి పలకలు తిప్పి పైకెత్తింది. నేను చెప్పి చేయించింది కాదు. పిచ్చుక నా బల్ల మీద బలపం తీసుకుని, మొదటి పలక దగ్గర ఆగి, కథ వేలు పెట్టి చదువుకుంది. తెలుసా అని అడిగింది. ఆ అబ్బాయి తెలుసు. ఆ గుడ్డు తెలుసు. రెండు ఖాళీల్లో ద రాసింది. తర్వాతి పలక. తర్వాతి పలక. పెద్ద మేడం గుమ్మంలోనే నిలబడి ఉంది.

నత్త పలక దగ్గర పిచ్చుక ఆగిపోయింది. వాడు కుక్క ముందు కూడా ఖాళీ వదిలాడు. పిచ్చుక కథ మళ్ళీ చదివింది. తెలుసా అంది. నత్త నిదానంగా లేచి, తెలుసు, అది మా కుక్కే అన్నాడు.

పిల్లలు నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. "మీ కుక్క నీకు తెలుసు. కథలోవాళ్ళకి తెలీదు కదా" అంది. రాయకుండా బుడంకాయను పిలిచింది. బుడంకాయ పరిగెత్తుకొచ్చి ఎ రాశాడు.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. నా దగ్గరకు వచ్చి, పిల్లలకు వినబడకుండా చెప్పింది. "ఆ అట్ట ఆ పిల్ల మెడలోంచి ఇంకొకరి మెడలోకి వెళ్ళాలి. మీరు లాక్కోకూడదు. వెళ్తే సోమవారం రండి. ఇన్‌స్పెక్టరుకు నేను జవాబు చెప్పుకుంటాను."

వెళ్ళకపోతే ఏమిటో ఈసారి నేను అడగలేదు.

పిచ్చుక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇస్త్రీ బట్టలు నలిగినా పట్టించుకోలేదు. నువ్వు రాని రోజు సూర్యుడు చెయ్యి చాపి ఒక్కడే నిలబడిపోయాడు అని చెప్పాను. నా ఉద్యోగం సంగతి ఆ పిల్లకు చెప్పేది కాదు. పిచ్చుక సూర్యుడి వైపు చూసింది. వాడు అవునన్నట్టు చెయ్యి చాపి చూపించాడు.

పిచ్చుక చాలాసేపు అట్ట అంచు నలుపుతూ నిలబడింది. దారం పట్టుకుంది, వదిలింది. పెద్ద మేడం గుమ్మం దగ్గరకు వెళ్ళి ఆగి చూస్తోంది.

"మళ్ళీ నాకిస్తారా టీచర్?"

"ఇస్తాను. అందరి వంతూ వస్తుంది, నీ వంతూ వస్తుంది."

దారం తల మీదుగా తీసింది. జుట్టుకు చిక్కుకుంటే నేను విడిపించబోయాను, చెయ్యి తోసేసి తనే విడిపించుకుంది. వెళ్ళి నత్త మెడలో వేసింది. వాడి చెవిలో చెబుతున్నాననుకుంది గానీ అందరికీ వినబడింది. "ఊరికే పరిగెత్తకు. ముందు అడుగు."

నత్త తరగతి వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "తెలుసా?" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరూ పలకలేదు. పిల్లలు పిచ్చుక వైపు చూశారు. పిచ్చుక తన బెంచీ చివర కూర్చుంటూ, "తెలుసు" అంది. అప్పుడు అందరూ అరిచారు. గుమ్మం వైపు చూస్తే అక్కడ ఎవరూ లేరు. తడిక అవతల లెక్కల సారు ఎక్కం మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

సాయంత్రం లాండ్రీలోకి వెళ్ళాను. అత్త బల్ల దగ్గర నా చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నాన్న తలెత్తాడు, అడగడానికి భయపడి మళ్ళీ చొక్కా వైపు చూశాడు.

"నాన్నా, ఇంకొన్ని అట్టలు కావాలి" అన్నాను. "సోమవారానికి. పిల్లలందరికీ."

నాన్న అట్టల కట్ట దగ్గరకు వెళ్ళి, నలిగినవి పక్కన పెట్టి, కొత్తవి తీయడం మొదలుపెట్టాడు. అత్త గుండీల డబ్బాను మళ్ళీ దాని చోటుకు జరుపుకుంది.